కిలో దూదికి ఎన్ని నీళ్లు? పత్తి సుస్థిరతను కొలిచే లెక్కల్లోని చిక్కు

క్లుప్తంగా: పత్తి సాగు నేలకు, నీటికి, మనుషులకు ఎంత భారమో చెప్పే అంకెలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు పచ్చి అబద్ధాలు కావు, వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. దేంతో భాగించారు, లెక్కను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారు, ఏ ఏడాదితో పోల్చారు అన్నదాన్ని బట్టి ఒకే చేను ఒకసారి మంచిదవుతుంది, మరోసారి చెడ్డదవుతుంది. ప్రతి నారకూ ఒక్క స్కోరు ఇచ్చి పోల్చే పద్ధతి 2022లో గట్టి ఎదురుదెబ్బ తింది. ఒక చేనును దాని పాత లెక్కతోనే, అదీ కొన్నేళ్ల సగటు మీద పోల్చడం కష్టమైనా నమ్మదగిన దారిగా కనిపిస్తోంది.

## తిరుగుతున్న అంకెలు

‘ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు.’ ‘కిలో పత్తికి 20 వేల లీటర్లు.’ ‘ప్రపంచంలో వాడే పురుగుమందుల్లో పావు వంతు పత్తి మీదే.’ బట్టలు, పర్యావరణం గురించి ఏ కథనం తెరిచినా ఈ మూడింటిలో ఒకటైనా ఎదురవుతుంది. అంతర్జాతీయ పత్తి సలహా సంఘం (ఐసీఏసీ) లెక్క చూస్తే మాత్రం కిలో దూదికి (గింజ తీసిన పత్తికి) పారించే నీరు ప్రపంచ సగటున 2 వేల లీటర్ల లోపే. డెనిమ్ పరిశ్రమకు చెందిన ట్రాన్స్‌ఫార్మర్స్ ఫౌండేషన్ 2021లో ఈ ప్రచార అంకెల పుట్టుపూర్వోత్తరాలు వెతికింది. చాలావాటికి ఆధారం పాతబడిందని, కొన్నిటికి అసలు ఆధారమే దొరకలేదని తేల్చింది.

మందుల సంగతే చూద్దాం. తెలుగులో ‘మందు’ అంటే కలుపు మందు, తెగులు మందు, పురుగు మందు అన్నీ వచ్చేస్తాయి. లెక్కల్లో అవి వేరు. ఐసీఏసీ ప్రకారం 2019లో సస్యరక్షణ మందులన్నిటి అమ్మకాల్లో పత్తి వాటా 4.7 శాతం. కేవలం పురుగును చంపే మందులు తీసుకుంటే 10 శాతం. పావు వంతు అన్నది దశాబ్దాల కిందటి పురుగుమందుల మార్కెట్‌కు చెందిన అంకె. అది నేటికీ తిరుగుతోంది, పైగా అన్ని మందులకూ అంటగడుతున్నారు.

అలాగని ఊరట పడాల్సిన పనీ లేదు. ప్రపంచ సాగుభూమిలో పత్తి ఉన్నది రెండున్నర శాతం దగ్గర. అంత భూమికి 10 శాతం పురుగుమందులంటే నాలుగింతలు. పైగా ఇవి అమ్మకాల విలువలో వాటాలు, కిలోల్లో కాదు, విషతీవ్రతలో అసలే కాదు. ఐసీఏసీ పత్తి పండించే, వాడే దేశాల ప్రభుత్వాల సంఘం కాబట్టి దాని మొగ్గు ఎటో కూడా గుర్తుంచుకోవాలి.

## వాన నీరు, తోడిన నీరు

నీటి లెక్కలో గందరగోళానికి మొదటి కారణం రంగులు. డచ్ పరిశోధకుడు ఆర్యెన్ హూక్‌స్ట్రా 2002లో ప్రతిపాదించిన ‘నీటి పాదముద్ర’ పద్ధతి నీటిని మూడుగా విడదీస్తుంది. వాన పడి నేలలో ఇంకి, మొక్క తాగేది ఆకుపచ్చ నీరు. కాలువ, చెరువు, బోరు నుంచి తెచ్చి పెట్టేది నీలి నీరు. ఎరువులు, మందులు కలిసి చెడిపోయిన నీటిని మళ్లీ పనికొచ్చే స్థాయికి పలుచన చేయడానికి ఎంత మంచినీరు కావాలో చెప్పే ఊహా లెక్క బూడిద రంగు నీరు. ఈ మూడూ కలిపితే కిలో నూలు బట్టకు ప్రపంచ సగటు 10 వేల లీటర్ల దగ్గరికి వస్తుంది. పావు కిలో టీషర్టుకు రెండున్నర వేల లీటర్లు ఇక్కడి నుంచి వచ్చినవే.

ఐసీఏసీ లెక్కలో కిలో దూదికి సుమారు 6 వేల లీటర్లు వాన నీరు, 2 వేలకు కాస్త తక్కువ పారించిన నీరు. అంటే మొత్తంలో ముప్పావు వంతు ఆకాశం నుంచి పడ్డదే. ఆ చేలో పత్తి వేయకపోయినా వాన పడుతుంది. జొన్న వేసినా, బీడుగా వదిలేసి గడ్డి పెరిగినా దానిలో చాలా భాగం ఆవిరై పోతుంది. దాన్నంతా పత్తి ‘తాగేసిన’ నీరుగా రాయడం సరి కాదు. అసలు లెక్కలోనే పెట్టకపోవడమూ సరి కాదు, ఎందుకంటే పంట మారితే నేలలోకి దిగే నీటి వాటా కూడా కొంత మారుతుంది. 2,700 లీటర్లు చదివినవారికి మాత్రం అంత నీరూ ఎవరి బిందెలోంచో తీసినట్టే తోస్తుంది.

రెండో చిక్కు, లీటరు ప్రతిచోటా ఒకటే కాకపోవడం. 1960 నాటికి ఆరల్ సముద్రం ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సు. దానిలో కలిసే అము దర్యా, సిర్ దర్యా నదులను సోవియట్ ప్రభుత్వం మధ్య ఆసియా పత్తి చేలకు మళ్లించింది. 2007 నాటికి ఆ సరస్సు విస్తీర్ణం పదో వంతుకు పడిపోయింది. అక్కడ పారించిన లీటరును, ఏటా వరదలొచ్చే నదీ తీరంలో పారించిన లీటరును ఒకే గాటన కట్టలేం. అందుకే 2016లో సిద్ధమైన ‘అవేర్’ అనే పద్ధతి ప్రతి నదీ పరీవాహకానికీ ఒక కొరత గుణకం ఇస్తుంది. అది 0.1 నుంచి 100 దాకా ఉంటుంది. గుణకంలోనే వెయ్యి రెట్ల తేడా ఉన్నప్పుడు ప్రపంచ సగటు లీటర్లు చెప్పేది చాలా తక్కువ.

మూడోది డ్రిప్ గురించి. డ్రిప్ పెడితే చేనుకు వదిలే నీరు తగ్గుతుంది, అది మీటరులోనే కనిపిస్తుంది. కానీ కాలువ కింద పారించినప్పుడు ఇంకిపోయిన నీరు అంతా వృథా కాదు. కొంత భూమిలోకి దిగి కింది బోర్లకు అందుతుంది. డ్రిప్‌తో మిగిలిన నీటిని అదే రైతు మరో రెండెకరాలకు పెడితే, మొక్కల ద్వారా ఆవిరయ్యే మొత్తం నీరు పెరుగుతుంది. ఎకరా లెక్కలో ఆదా, పరీవాహకం లెక్కలో లోటు. ‘వదిలిన నీరు’, ‘తిరిగి రాని నీరు’ అనే రెండు కొలతలను కలిపేయడం వల్లే ఈ తికమక.

## దేంతో భాగించారు?

నీరైనా, ఎరువైనా, కార్బన్ అయినా చివరికి దేనితోనో భాగించాలి. కిలో దూదికా, హెక్టారుకా? చిన్న ప్రశ్నలా ఉంటుంది, తీర్పును ఇదే తిప్పేస్తుంది.

రెండు చేలు ఊహించుకుందాం. మొదటిది వర్షాధారం. హెక్టారుకు 450 కిలోల దూది, భారతదేశ సగటు ఇటీవల ఈ దరిదాపుల్లోనే ఉంది. రెండోది నీటి వసతి ఉన్న పెద్ద కమతం. హెక్టారుకు 2,000 కిలోలు, ఆస్ట్రేలియాలో ఇలాంటి దిగుబడి మామూలే. మొదటి చేనుకు 100 కిలోల నత్రజని, రెండోదానికి 250 కిలోలు వేశారనుకుందాం. హెక్టారు లెక్కలో మొదటి రైతు నేలకు నెమ్మది. కిలో దూది లెక్కలో మొదటి చేనుకు 222 గ్రాముల నత్రజని, రెండోదానికి 125 గ్రాములే. ఇప్పుడు రెండో రైతు మెరుగు. నీటికి వస్తే రెండో చేనుకు హెక్టారుకు 70 లక్షల లీటర్లు పెట్టారనుకుంటే కిలోకు 3,500 లీటర్లు. మొదటి చేనుకు సున్నా.

ఇక వాన తప్పిన ఏడాది. మొదటి చేలో ఎరువు ముందే వేసేశారు. పూత రాలింది, కాయ నిలవలేదు, దిగుబడి సగానికి పడింది. కిలోకు నత్రజని 444 గ్రాములైంది. రైతు చేసిన పనిలో ఏ మార్పూ లేదు, స్కోరు మాత్రం రెట్టింపు చెడింది. కిలో లెక్క వాడే ప్రతి కొలత వర్షాధార చిన్న రైతును వాతావరణం చేసిన తప్పుకు శిక్షిస్తుంది. హెక్టారు లెక్కకూ లోపం ఉంది. తక్కువ పండితే, అంతే దూదికి ఇంకెక్కడో ఎక్కువ భూమి దున్నాల్సి వస్తుందన్న సంగతిని అది చూడదు. నేల, నీరు, జీవవైవిధ్యం వంటి స్థానిక భారానికి హెక్టారు, వాతావరణం వంటి అందరి భారానికి కిలో సరిపోతాయి. రెండూ పక్కపక్కన ఇవ్వని నివేదికను కాస్త అనుమానంగా చూడటం మంచిది.

భాగహారంలో ఇంకో మెలిక గింజ. జిన్నింగ్ మిల్లుకు వెళ్లిన 100 కిలోల పత్తిలో దూది 35 కిలోల దగ్గర, మిగిలిందంతా దాదాపు గింజే. గింజ నుంచి నూనె, పశువుల దాణాకు చెక్క వస్తాయి. మరి చేనుకు పెట్టిన నీరు, ఎరువు దూది ఖాతాలో ఎంత రాయాలి, గింజ ఖాతాలో ఎంత? బరువు ప్రకారం పంచితే దూదికి మూడో వంతు పైచిలుకు. మార్కెట్ విలువ ప్రకారం పంచితే 80 శాతం దాటుతుంది. చేనులో ఏమీ మారకుండానే దూది మీద భారం రెండింతలకు పైగా మారింది. చాలా అధ్యయనాలు విలువ పద్ధతినే వాడతాయి. అప్పుడు గింజ ధర పెరిగిన ఏడాది దూది ‘పచ్చగా’ మారుతుంది, అదో విడ్డూరం.

## మందును కిలోల్లో తూచితే

మందుల వాడకం తగ్గిందని చెప్పే నివేదికలు ఎక్కువగా క్రియాశీల పదార్థం (సీసాలో ఉండే అసలు మందు) కిలోలను చూపిస్తాయి. పాత తరం ఆర్గానోఫాస్ఫేట్ మందులు హెక్టారుకు వందల గ్రాములు కొట్టాలి. కొత్త మందుల్లో చాలావాటికి కొన్ని పదుల గ్రాములు చాలు. ఒకదాని బదులు మరొకటి వాడితే కిలోలు పదో వంతుకు దిగుతాయి. విషం పదో వంతుకు దిగిందా అన్నది వేరే ప్రశ్న. మనిషికి ప్రమాదం తగ్గి తేనెటీగకు పెరగొచ్చు. నియోనికోటినాయిడ్లు అనే కొత్త తరం పురుగుమందుల విషయంలో వచ్చిన గొడవంతా ఇదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1992లో రూపొందిన ‘పర్యావరణ ప్రభావ గుణకం’ ప్రతి మందుకూ రైతుకు, వినియోగదారుకు, ప్రకృతికి ఉన్న ప్రమాదాన్ని కలిపి మార్కు ఇస్తుంది. మూడు వేరు వేరు ప్రమాదాలను సగటు చేస్తుంది కాబట్టి దానికీ విమర్శలున్నాయి. కిలోల కంటే మాత్రం నయం.

అసలు ఆ కిలోల అంకె ఎలా పుడుతుందో దగ్గరి నుంచి చూస్తే నమ్మకం ఇంకాస్త సడలుతుంది. పంట అయిపోయాక సర్వే మనిషి ఫారం పట్టుకుని వస్తాడు. ఎకరానికి ఏ మందు ఎంత కొట్టారని అడుగుతాడు. రైతుకు గుర్తుండేది మిల్లీలీటర్లు కాదు, ట్యాంకులు. 16 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకు ఎకరానికి పది పట్టాయా, పన్నెండా? ట్యాంకుకు మూత కొలతతో ఒకటిన్నర మూత పోశారు. ఆ మూత ఎన్ని మిల్లీలీటర్లో సీసా కంపెనీని బట్టి మారుతుంది. పచ్చదోమకు కొట్టిన మందులోనే పురుగుకు ఇంకోటి కలిపారు, అది ఫారంలో ఒకే స్ప్రేగా పడింది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం సీసా 100 మిల్లీలీటర్లు వాడారంటే అందులో అసలు మందు 20 గ్రాముల దగ్గర. సర్వే మనిషి తొందరలో 100 అనే అంకెనే ఎక్కిస్తే అక్కడికక్కడే అయిదింతల తప్పు.

విస్తీర్ణం కూడా అంతే. కాగితాల్లో అయిదెకరాలు, గట్లు, రాళ్లు, మొలకెత్తని సాళ్లు పోగా పంట నిలిచింది నాలుగెకరాల్లో. 40 క్వింటాళ్లు వస్తే ఎకరా దిగుబడి 8 అని రాయాలా, 10 అని రాయాలా? ఈ ఒక్క తప్పు నీరు, ఎరువు, మందు, కూలీ, ఆదాయం అన్ని గళ్లలోకీ పాకుతుంది. తొలి తీత తూకం రైతుకు బాగానే గుర్తుంటుంది. మూడో తీతలో చిన్న సంచుల్లో అమ్మింది చాలాసార్లు లెక్కలోకే రాదు.

కిలోలకు ఏమాత్రం అందనిది మనిషి ఒంటి మీద పడే విషం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ఏడాది చేలు తలెత్తు పెరిగాయి, పైకి పట్టుకుని కొట్టిన మందు తిరిగి మొహం మీద పడింది, చేతికి తొడుగు లేదు, మందు మీద మందు కలిపారు. హెక్టారుకు ఎన్ని గ్రాములన్న సూచికలో వీటిలో ఒక్కటీ కనిపించదు. అందుకే కొన్ని కొలత చట్రాలు ఇప్పుడు అత్యంత ప్రమాదకర మందుల వాడకాన్ని, రక్షణ తొడుగుల వాడకాన్ని విడిగా అడుగుతున్నాయి.

## ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా?

భారతదేశంలో బీటీ పత్తి (కాయతొలుచు పురుగులను తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి) కథ కాలవ్యవధి పోషించే పాత్రకు అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ. 2002లో అనుమతి వచ్చేటప్పటికి దేశ సగటు దిగుబడి హెక్టారుకు 300 కిలోల దూది దగ్గర ఉండేది. 2007-08 నాటికి 550 దాటింది. కాయతొలుచు పురుగులకు కొట్టే మందులు బాగా తగ్గాయి. అక్కడ ఆపితే ఘన విజయం. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం మొదలైంది. గుజరాత్‌లో తట్టుకునే శక్తి వచ్చిన సంగతిని బీటీ విత్తన కంపెనీ మోన్‌శాంటోయే 2010లో ఒప్పుకుంది. రసం పీల్చే పురుగులు పెరిగాయి, మందుల ఖర్చు మళ్లీ ఎక్కింది. దిగుబడి 450 దగ్గరికి జారింది. రైతులు ఇప్పుడు బీటీకి ముందుకంటే పురుగుమందుల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నారని 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చిన 20 ఏళ్ల పరిశీలన చెప్పింది. తొలి ఏళ్ల పెరుగుదలలో ఎరువులు, నీటి వసతి పెరగడానికి కూడా వాటా ఉందని అదే పరిశీలన వాదించింది. దీన్ని ఒప్పుకోని ఆర్థికవేత్తలూ ఉన్నారు. వాదన ఎటు తేలినా, అయిదేళ్ల గీతలో ఒక తీర్పు, పదిహేనేళ్ల గీతలో ఇంకో తీర్పు వస్తాయన్నది మాత్రం కాదనలేనిది.

నేలలో కర్బనం దీనికి ఇంకో కొస. పచ్చిరొట్ట, తక్కువ దుక్కి, పత్తి కట్టెను కాల్చకుండా నేలలో కలపడం వంటివాటితో కర్బనం పెరుగుతుంది, కానీ నత్తనడకన. హెక్టారుకు పై 30 సెంటీమీటర్ల మట్టిలో 40 టన్నుల కర్బనం ఉందనుకుందాం. ఏటా 0.3 టన్నులు కలిసినా అయిదేళ్లకు పెరిగేది నాలుగు శాతం లోపే. ఒకే చేలో పది మీటర్ల దూరంలో తీసిన రెండు నమూనాల మధ్య అంతకంటే ఎక్కువ తేడా ఉండటం మామూలే. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసేసరికి ‘కర్బనం పెరిగింది’ అని ప్రకటించే సంస్థ ఎన్ని గుంతలు తవ్విందో అడగాలి. ‘పునరుజ్జీవ పత్తి’ పేరుతో వస్తున్న సరుకుకు అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు కాబట్టి ఈ ప్రశ్న ఇంకా అవసరం.

## కొలవని కార్బన్

పత్తి చేను విడిచే వాయువులను పొలంలో కొలిచేది పరిశోధకులే, అదీ కొద్ది చోట్ల. మిగతా అందరూ గుణిస్తారు. పత్తిలో పెద్ద వాటా నత్రజని ఎరువుదే. ఎరువు తయారీలో కొంత, చేలో పడ్డాక వెలువడే నైట్రస్ ఆక్సైడ్ రూపంలో కొంత. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) సాధారణ సూత్రం ప్రకారం వేసిన నత్రజనిలో 1 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. 2019 సవరణలో తడి వాతావరణంలో రసాయన ఎరువులకు 1.6 శాతం, పొడి వాతావరణంలో 0.5 శాతం అని విడదీశారు. ఈ వాయువు వేడి ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు.

ఇప్పుడు 100 కిలోల నత్రజని వేసిన హెక్టారును తీసుకుంటే 1 శాతం చొప్పున సుమారు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. 1.6 అయితే 686, 0.5 అయితే 215. చేను ఒకటే, యూరియా ఒకటే, జవాబులో మూడింతల తేడా. ఒక బ్రాండు ‘ఉద్గారాలు 20 శాతం తగ్గించాం’ అని చెబితే, రైతు ఎరువు తగ్గించాడా, లెక్కగాడు గుణకం మార్చాడా అన్నది నివేదిక అనుబంధం చదివితే తప్ప తెలియదు.

## సగటు చేయకూడనివి

కూలీల హక్కులు, బలవంతపు చాకిరీ వంటివి మార్కుల్లో ఇమడవు. నీటిలో 90 మార్కులు వచ్చాయి కాబట్టి చాకిరీలో 10 వచ్చినా సగటున పాస్ అనలేం. ఉజ్బెకిస్తాన్‌లో ప్రభుత్వమే ఏటా లక్షల మందిని పత్తి ఏరడానికి తోలేది. 2021 కోతల్లో ఆ వ్యవస్థీకృత పద్ధతి ఆగిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్ధారించాక, 2022 మార్చిలో హక్కుల సంఘాల కూటమి ‘కాటన్ క్యాంపెయిన్’ తన బహిష్కరణ పిలుపును ఎత్తేసింది. అక్కడ కొలత పనిచేసింది, ఎందుకంటే పరిశీలకులు చేలలోకి వెళ్లి కూలీలతో మాట్లాడగలిగారు. ప్రపంచ పత్తిలో దాదాపు అయిదో వంతు పండే చైనాలోని షిన్‌జియాంగ్‌లో అది కుదరలేదు. నమ్మకంగా తనిఖీ చేయలేమంటూ 2020లో పలు ఆడిట్ సంస్థలు తప్పుకున్నాయి. అక్కడి సరుకును బలవంతపు చాకిరీతో తయారైనదిగానే భావించే అమెరికా చట్టం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి నోరు విప్పలేని చోట ఫారం నింపడం కొలత కాదు.

కుటుంబ ఆదాయం అన్న సూచికకూ ఇలాంటి గుడ్డి మూల ఉంది. ఫారంలో ‘రైతు’ అంటే భూమి ఎవరి పేరున ఉందో ఆయన. పత్తి ఏరేది చాలాచోట్ల ఆడవాళ్లు, కిలో లెక్కన కూలీకి. ఇంటి ఆదాయం పెరిగినా ఆమె చేతికి ఎంత వచ్చిందో ఆ గడిలో కనిపించదు.

## 68 నుంచి 15కు

ఇన్ని చిక్కులకూ ఒక ఉమ్మడి కొలబద్ద ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ఐసీఏసీ నిపుణుల బృందం 2015లో ఒక మార్గదర్శక చట్రం ఇచ్చింది. అందులో సూచికలు 68. శాస్త్రం దృష్టిలో ఏదీ అనవసరం కాదు. రెండెకరాల రైతుతో 68 ప్రశ్నలకు జవాబు చెప్పించడం మాత్రం కాగితం మీదే సాధ్యం. తర్వాత బెటర్ కాటన్ ఇనీషియేటివ్, ఐసీఏసీ, కాఫీ రంగ సంస్థలు కలిసి తెచ్చిన డెల్టా చట్రం ఆ జాబితాను 15కు కుదించింది. డెల్టా అనగానే తెలుగువారికి నదీ ముఖం గుర్తొస్తుంది. గణితంలో అది మార్పుకు గుర్తు, ఈ చట్రం అడిగేదీ ఎంత మారిందనే.

ధ్రువీకరణ పథకాలు వేరే సంగతి. అవి ఎక్కువగా పద్ధతులను చూస్తాయి, ఫలితాలను కాదు. మట్టి పరీక్ష చేయించారా, నిషేధిత మందులు వాడారా అని అడగడం తేలిక. వాగులో నీరు బాగుపడిందా అన్నది తేల్చడం కష్టం. 2009లో మొదలైన బెటర్ కాటన్ పథకం 2022-23 నాటికి ప్రపంచ పత్తిలో అయిదో వంతుకు పైగా, 20 లక్షలకు పైగా రైతుల దాకా చేరింది. దాని సరుకు చాలాకాలం ‘మాస్ బ్యాలెన్స్’ పద్ధతిలో నడిచింది. మిల్లు దాటాక సరుకంతా కలిసిపోతుంది, ఖాతా పుస్తకంలో మాత్రమే విడిగా ఉంటుంది. చొక్కా మీద గుర్తు ఉన్నంత మాత్రాన చొక్కాలో ఆ దూదే ఉందని కాదు. మూలం పట్టుకునే ఏర్పాటు 2023 చివర్లో గానీ రాలేదు. సేంద్రియ పత్తిలో విడిగా ఉంచడం తప్పనిసరి, అయినా 2020లో 20 వేల టన్నుల సరుకుకు దొంగ పత్రాలు పుట్టినట్టు సేంద్రియ వస్త్రాల ప్రమాణాన్ని నడిపే గాట్స్ సంస్థ స్వయంగా బయటపెట్టింది.

## ఒక్క స్కోరు ఎందుకు బోల్తా పడింది

సస్టైనబుల్ అపెరల్ కోయలిషన్ అనే దుస్తుల రంగ కూటమి తెచ్చిన హిగ్ సూచిక రకరకాల నారలకు పక్కపక్కన స్కోరు ఇచ్చేది. నార తయారై ఫ్యాక్టరీ గుమ్మం దాటే దాకే దాని లెక్క. ఉతికిన ప్రతిసారీ రాలే ప్లాస్టిక్ పోగులు, పారేశాక నేలలో కలిసేందుకు పట్టే కాలం అందులోకి రావు. గీత అక్కడ గీస్తే పాలిస్టర్ మెరుగ్గా, పత్తి అధ్వానంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. గీతను జరిపితే వరుస మారొచ్చు.

2022 జూన్‌లో నార్వే వినియోగదారుల సంస్థ, నొరోనా అనే దుస్తుల కంపెనీ ఈ లెక్కలతో చేసిన ప్రచారం తప్పుదోవ పట్టించేదని తేల్చింది, హెచ్ అండ్ ఎమ్‌నూ హెచ్చరించింది. సగటు లెక్కను ఒక నిర్దిష్ట చొక్కాకు అంటించడమే అసలు అభ్యంతరం. కొద్ది రోజులకే కోయలిషన్ కొనుగోలుదారులకు చూపే లేబుల్‌ను ఆపేసింది.

సేంద్రియ పత్తికి 91 శాతం నీరు తక్కువ అన్న ప్రచారమూ ఇలాంటిదే. అది 2014 నాటి టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ అధ్యయనం నుంచి వచ్చింది. ఆ సేంద్రియ చేలలో చాలావరకు వాన మీదే ఆధారపడ్డవి. పోల్చింది వేరే ప్రాంతాల్లో నీరు పారించిన మామూలు పత్తితో. అక్కడ తేడా తెచ్చింది సేంద్రియం కాదు, వాన.

## ఇక ముందు

యూరోపియన్ యూనియన్‌లో ఆధారం చూపలేని ‘పర్యావరణ హిత’ ముద్రలను నిషేధించే 2024 నాటి ఆదేశం 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. చాలా రకాల వస్తువులకు దశలవారీగా డిజిటల్ పాస్‌పోర్టు (వస్తువు పుట్టుక, తయారీ వివరాల చిట్టా) తెచ్చే నిబంధన 2024 జులైలో అమల్లోకి వచ్చింది, వస్త్రాలు అందులో మొదటి వరుసలో ఉన్నాయి. ఫలితంగా బ్రాండ్ల నుంచి మిల్లులకు, మిల్లుల నుంచి చేలకు లెక్కల ఒత్తిడి దిగుతోంది. ఉపగ్రహ చిత్రాలతో విస్తీర్ణం, ఆవిరయ్యే నీరు అంచనా వేయడం ఇప్పుడు సాధ్యమే. దూదిలోని ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువుల) ఆధారంగా అది ఏ ప్రాంతానిదో పరీక్షించడమూ మొదలైంది. చేతి మూత కొలతల్లోని తప్పును మాత్రం ఇవేవీ సరిచేయలేవు.

నమ్మదగిన కొలత ఎలా ఉండాలో చాలావరకు తెలుసు. అదే చేను, మూడు నుంచి అయిదేళ్ల సగటు, పక్క చేలలో పథకంలో చేరని రైతులతో పోలిక, వానల లెక్క విడిగా, కిలోకూ హెక్టారుకూ రెండు అంకెలు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే పని ఆగుతోంది. యంత్రంతో కోసే పెద్ద కమతంలో ట్రాక్టరే దిగుబడి పటం గీస్తుంది, పంపుకు మీటరు ఉంటుంది, లెక్క దానంతటదే తయారవుతుంది. చిన్న రైతు దగ్గర ఉండేది జ్ఞాపకం, ఎరువుల దుకాణం చీటీలు. సొంత లెక్క చూపలేని రైతుకు పద్ధతి ప్రకారం ఆ ప్రాంతపు సగటునే అంటగడతారు, తన చేను అంతకంటే బాగున్నా సరే. లెక్క చూపగలిగిన మెరుగైన చేలు ఒక్కొక్కటే ఆ సగటులోంచి బయటికి వెళ్తుంటే, మిగిలినవారి సగటు చేలో ఏ మార్పూ లేకుండానే ఏటికేడు దిగజారుతుంది.